మడత పెట్టినవాడి సంతకం

డైనింగు బల్ల మీది పళ్ళ గిన్నె, నీళ్ళ జగ్గు, పాత పేపర్లు వంటింటి గట్టు మీదికి చేర్చి, బల్లని ముందు తడిగుడ్డతోనూ తర్వాత పొడిగుడ్డతోనూ తుడిచి, అప్పుడు గాని ఆమె కాగితాలు పరచలేదు.

కూతురికి సీటు వచ్చింది. కృత్రిమ కాళ్ళు, చేతులు తయారు చేయడం నేర్పే కాలేజీలో. అలాంటి చదువొకటి ఉందని మొన్నమొన్నటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. సీటైతే వచ్చింది గాని, సోమవారం లోపల ఫీజుకి ఏర్పాటు చూపించకపోతే అది వెయిటింగ్ లిస్టులో తర్వాతి పేరుకి పోతుంది. కాలేజీ వాళ్ళు ఆ మాట మర్యాదగానే చెప్పారు, కాని గట్టిగా చెప్పారు.

భర్త ప్రింటింగ్ ప్రెస్‌లో మిషన్ మీద పనిచేస్తాడు. బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి బల్ల వైపు చూశాడు.

"ఏమిటిది, యుద్ధానికి మ్యాపులు పరిచినట్టు పరిచావు?"

"యుద్ధమే. మీరు డ్యూటీకి వెళ్ళి రండి. సాయంత్రానికి గెలిచి ఉంటాను."

"ఎవరి మీద?"

"అది చూసి చెప్తాను."

ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం నవ్వులాటకి అనలేదు. డిగ్రీ చదివి ఇల్లు చూసుకుంటున్న మనిషి. ఏ కాగితమైనా చివరి చిన్న అక్షరాలదాకా చదవనిదే పక్కన పెట్టదు. మందు సీసా మీది కాగితం కూడా విప్పి చదివి, మళ్ళీ అదే మడతల్లో పెట్టేస్తుంది.

దారులు చాలానే కనిపించాయి. ఒక్కోదాన్నీ పట్టుకుని చివరిదాకా వెళ్ళి చూసింది. బ్యాంకు అప్పు కుదరదు. కిందటేడాది ఇదే పిల్ల ఫార్మసీ చదువుకని తీసుకున్న అప్పు ఇంకా నడుస్తోంది, పిల్ల మాత్రం ఆ చదువు ఒక్క టర్ముతో వదిలేసి వచ్చింది. కాలేజీ ఇచ్చే రాయితీ మధ్యలో ఏడాది ఖాళీ ఉన్నవాళ్ళకి లేదు. సైనికుల కుటుంబాలకి ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది, అది యుద్ధంలో పోయినవాళ్ళ పిల్లలకి, అవయవాలు పోగొట్టుకున్నవాళ్ళ పిల్లలకి. ఆమె తండ్రి రెండు కాళ్ళతో ఇంటికి నడిచి వచ్చినవాడు. అందుకు ఆమె ఏనాడూ బాధపడలేదు, ఇప్పుడూ పడదల్చుకోలేదు. ఇంకొకటి మాజీ సైనికుల సొంత పిల్లలకే. తను చదువుకునే రోజుల్లో అది పనికొచ్చేదే. తండ్రి అప్పుడు అడగలేదు.

ఇక మిగిలింది మాజీ సైనికుల సంఘం వాళ్ళ సహాయ నిధి. అందులో కొడుకులు, కూతుళ్ళతో పాటు వాళ్ళ పిల్లలు కూడా అని రాసి ఉంది. ఆమె అచ్చులో చూసినంత మాత్రాన నమ్మే రకం కాదు. ఫోన్ చేసింది.

"కూతురి పిల్లలైనా పర్వాలేదమ్మా," అంది అవతల గుమాస్తా. "ఇంటిపేరు వేరైనా పర్వాలేదు. మీ నాన్నగారు ఉన్నారుగా? ఆయనే స్వయంగా సంతకం పెట్టాలి. శుక్రవారం మధ్యాహ్నంలోగా తెచ్చేయండి. కాగితాలు సరిగ్గా ఉంటే కార్యదర్శిగారు అక్కడికక్కడే మంజూరు చేస్తారు."

"అన్నీ ఉన్నాయండీ. ఆ ఒక్క సంతకమే."

"అదెంతలో పని!" అంది గుమాస్తా.

ఆమె కూడా అలాగే అనుకుంది.

*

ఆమె తండ్రి, ఆ పెద్దాయన, ఉండేది రెండు వీధుల అవతల, సైకిళ్ళ రిపేరు షాపు పై వాటాలో. సైన్యంలో ఒకసారి, ఆసుపత్రి లాండ్రీలో ఇంకోసారి, మొత్తం రెండుసార్లు రిటైరైన మనిషి. తల్లీకూతుళ్ళు వెళ్ళేసరికి మంచం మీద తువ్వాళ్ళు మడత పెడుతున్నాడు. ఆమె సాయానికి చెయ్యి చాపలేదు. ఆ ఇంట్లో ఒకరు మొదలుపెట్టిన మడత ఇంకొకరు పూర్తి చెయ్యరు. మొదలుపెట్టినవాళ్ళే పూర్తి చెయ్యాలి, లేదా మొత్తం విప్పి మొదటి నుంచి రావాలి. పెళ్ళయి వచ్చిన కొత్తలో భర్త ఓ దుప్పటి రెండో కొస పట్టుకోబోతే ఆమె కసిరింది కూడా.

"తాతయ్యా, నాకు సీటొచ్చింది!"

"మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. కాళ్ళు చేస్తావటగా?"

"చేతులు కూడా."

"బాగుంది. ఇక తల ఒక్కటి నేర్చుకుంటే పూర్తి మనిషినే తయారు చేసేయొచ్చు." కళ్ళజోడు తుడుచుకుని చెయ్యి చాపాడు. "ఇలా ఇయ్యి."

మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఎక్కడ సంతకం పెట్టాలో ఆమె పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి ఉంచింది. ఆయన ఆ గుర్తు దాకా వచ్చి పెన్ను మూత తీశాడు. పైనున్న వాక్యం దగ్గర ఆగాడు.

"'నా మనవరాలు ఈ కోర్సును తప్పక పూర్తి చేయగలదని హామీ ఇస్తున్నాను,'" అని పైకి చదివి, పెన్నుకి మూత పెట్టేశాడు. "ఇది నేను పెట్టలేను, అమ్మాయ్."

"ఏం, పెన్ను రాయట్లేదా?"

"పెన్ను బాగానే రాస్తుంది."

పిల్ల మొహంలో నవ్వు ఉన్నపళంగా ఆగిపోయింది. "నా గురించేనా తాతయ్యా?"

"నీ గురించి కాదు. నాకు తెలియనిదాని గురించి."

"నాన్నా, అది అచ్చు వేసి పెట్టిన వాక్యం," అంది ఆమె. "అందరూ పెడతారు. ఎవరూ చదవరు కూడా."

"నేను చదివాను కదా."

ఆమెకి ఆ గొంతు తెలుసు. సైన్యం అనగానే జనం తుపాకి గురించి అడుగుతారు. ఆమె తండ్రి తుపాకి పట్టింది శిక్షణలోనే. మిగతా నౌకరీ అంతా పొడుగాటి బల్లలున్న హాల్లో పారాచ్యూట్లు మడత పెట్టడంలో గడిచింది. తాళ్ళు చిక్కు లేకుండా సర్దడం, బట్ట ముడతలు దులిపి పొర మీద పొర వెయ్యడం, జారకుండా సీసపు గుళ్ళ సంచులు పెట్టడం, సంచిలో కూర్చి దారంతో సీలు వెయ్యడం, చివరికి ఆ సంచికే ఉండే చిన్న జేబులోని కార్డు మీద సంతకం. ఏ రోజు పొద్దున్నయినా పై అధికారి హాల్లోకి వచ్చేవాడు. అరలోంచి ఏదో ఒక సంచి వేలు పెట్టి చూపించి, కార్డు తీసి పేరు చదివేవాడు. ఆ పేరుగలవాడు మారు మాట్లాడకుండా దాన్ని వీపుకి తగిలించుకుని విమానం ఎక్కి దూకాలి. సంతకం పెట్టింది నువ్వు కదా, దూకేదీ నువ్వే. అలా ఆయన ఎన్నిసార్లు దూకాడో ఇంట్లో లెక్క లేదు. సంతకం అంటే ఆయనకి అదీ.

"నేను ఫార్మసీ మానేశాననే కదా?" పిల్ల గొంతు పెరిగింది.

"మానేశావు కదా."

"ఈత కూడా మానేశాను. అదీ రాసుకో."

"అది నాకు గుర్తుంది. నీ ఈత కళ్ళజోడు ఇంకా నా బీరువాలోనే ఉంది."

పిల్ల మధ్యలో వదిలేసినవి చాలానే ఉన్నాయి: ఈత, కీబోర్డు, ఒక్క చెయ్యి మాత్రమే అల్లిన నీలం స్వెట్టరు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పిల్లని ముద్దుగా 'సగం' అని పిలిచేవాడు. 'సగం లేచిందా? సగం అన్నం తిందా?' అని. ఫార్మసీ వదిలేసి పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చిన రోజు నుంచి ఆ పేరు ఎవరూ ఎత్తడం లేదు. అందులో నవ్వొచ్చేదేమీ మిగల్లేదు.

పిల్ల లేచింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని దడదడా మెట్లు దిగిపోయింది. కింద సైకిళ్ళతను "ఏమ్మా, నిప్పు తొక్కావా?" అని అడగడం, జవాబు రాకపోవడం పైకి వినిపించాయి.

ఆమె లేవలేదు. ఏడవలేదు, బతిమాలలేదు. కాగితాలు సర్ది ఒళ్ళో పెట్టుకుంది.

"నా చదువప్పుడు కూడా నువ్వు వాళ్ళని ఏమీ అడగలేదు నాన్నా. ఎందుకని నేనూ అడగలేదు."

"అప్పుడు నా జీతం సరిపోయింది."

"ఇప్పుడు నా మొగుడి జీతం సరిపోదు. దానికి సిగ్గుపడను. ఆ నిధి నీలాంటివాళ్ళ పిల్లల కోసమే పెట్టారు, దొంగతనం కాదు."

"డబ్బు సంగతి కాదమ్మా. ఆ వాక్యం సంగతి. నాలుగేళ్ళ తర్వాతి మాట ఇవాళ నేనెలా చెప్పను? చూడకుండా దేనికీ సంతకం పెట్టలేదు నేను."

"సరే. చూడకుండా పెట్టనన్నావు, ఒప్పుకుంటాను." ఆమె లేచి నిలబడింది. "కాని చూడకుండానే కాదన్నావు చూడు, అది మాత్రం ఒప్పుకోను."

పెద్దాయన చేతిలోని తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"ఫార్మసీ వదిలేసింది చూశావు. ఆ తర్వాత అది ఏం చేస్తోందో చూశావా? రేపు పొద్దున టిఫిన్ తిని తయారుగా ఉండు. ఒకచోటికి వెళ్దాం."

"ఎక్కడికి?"

"చెప్పను. దానికీ చెప్పను. మీ హాల్లో ముందు చెప్పి వచ్చేవాళ్ళా?"

తువ్వాలు మళ్ళీ మొదటి నుంచి మడత పెట్టడానికి ఆయన దాన్ని విదిలించాడు. "నువ్వు ఇంత మాటకారివని మీ ఆయనకి తెలుసా?" అన్నాడు.

"తెలుసు. అందుకే తొందరగా డ్యూటీకి వెళ్ళిపోతాడు."

*

ఆ సాయంత్రం అన్నాల దగ్గర పిల్ల కంచంలో గీతలు గీస్తూ కూర్చుంది.

"నువ్వే పెట్టెయ్యమ్మా. కొరియర్ అబ్బాయి వస్తే తాతయ్య సంతకం నువ్వేగా పెడతావ్. అచ్చు గుద్దినట్టు ఉంటుంది."

భర్త తలెత్తి భార్య వైపు చూశాడు. ఆయనకీ ఆ ఆలోచన రాకపోలేదని ఆమెకి అర్థమైంది.

"అది పార్సిలు," అంది ఆమె. "ఇది నువ్వు."

"తేడా ఏముంది? సీటు పోతుందమ్మా! శుక్రవారమే ఆఖరు!"

"ఇవాళ బుధవారం. నువ్వు రేపు మామూలుగా వర్క్‌షాపుకి వెళ్ళు. మిగతాది నాకొదిలెయ్."

"నీకొదిలేస్తే ఏం చేస్తావ్?"

"ఇంకొంచెం కూర వేసుకో," అంది తల్లి.

భర్త గొంతు సవరించుకున్నాడు. "మీ అమ్మ అలా అందంటే ఏదో ఉంది. నేను వేసుకుంటున్నాను, నువ్వూ వేసుకో."

*

కృత్రిమ కాళ్ళు తయారు చేసే ఆ వర్క్‌షాపు పెద్దాసుపత్రి వెనక, ఒకప్పటి సామాన్ల గది. ఫార్మసీ చదివే రోజుల్లో పిల్ల కాలేజీకి ఆ పక్కదారినే వెళ్ళేది. ఒక రోజు మధ్యాహ్నం తలుపు తెరిచి ఉంటే లోపలికి తొంగి చూసింది. మర్నాడు లోపలికి వెళ్ళింది. ఆ మర్నాటి నుంచి మందుల క్లాసులకి వెళ్ళడం తగ్గింది, ఇక్కడికి రావడం పెరిగింది. కోర్సు వదిలేశాక కూడా ఇక్కడికి రావడం మాత్రం మానలేదు. జీతం లేదు, సర్టిఫికెట్ లేదు. అక్కడి పెద్ద టెక్నీషియన్‌ని అందరూ మేస్త్రమ్మ అంటారు. ఆవిడ మొదట్లో ఊడ్చే పనే ఇచ్చిందట, మానకుండా వస్తోందని ఇప్పుడు పట్టీలు కుట్టనిస్తోంది. ఇదంతా తల్లికి తెలుసు. తాతకి ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో ఫార్మసీ ఊసొస్తే అందరూ మాట మార్చేసేవాళ్ళు మరి, ఆ వెనకాల ఉన్నది చెప్పే సందర్భమే రాలేదు.

తండ్రిని తలుపు బయట బెంచీ దగ్గరే ఆపి, తనూ ఆగింది ఆమె. అక్కడి నుంచి లోపలి బల్ల కనిపిస్తుంది. గోడకి వేలాడుతూ రకరకాల పాదాలు, ప్లాస్టర్ దుమ్ము, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. పిల్ల వాళ్ళకి వీపు పెట్టి కూర్చుని ఉంది. ఎదురుగా కుర్చీలో ఒక లారీ డ్రైవరు, మోకాలి దిగువన కాలు లేదు. కొత్త కాలు పిల్ల ఒళ్ళో ఉంది. దాని పైతొడుక్కి నడుం దాకా వెళ్ళే పట్టీ కుట్టడం అప్పుడే పూర్తి చేసింది.

"అయిపోయిందా బుజ్జీ?" అన్నాడు డ్రైవరు. "మావాడు ఆటో తీసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు."

"అయిపోయినట్టే." పిల్ల పట్టీ లాగి చూసింది. ఇంకోసారి లాగింది. వేలు లోపలికి పోనిచ్చి తడిమింది. తర్వాత బల్ల సొరుగులోంచి చిన్న కత్తెర తీసి, కుట్టిన కుట్టంతా పటపటా తెంపడం మొదలుపెట్టింది.

"అయ్యయ్యో, అదేంటి? బాగానే ఉందిగా!"

"లోపల ఒక మెలిక పడింది."

"పైకి ఏమీ కనపడట్లేదే."

"మీకు కనపడదు. వారం నడిచాక మీ తొడకి కనపడుతుంది."

"ఇవాళ నేను నడిచి ఇంటికి వెళ్ళేది ఉందా లేదా?"

"నడిచే వెళ్తారు. కుంటుకుంటూ వెళ్తానంటే మాత్రం ఇప్పుడే ఇచ్చేస్తాను."

డ్రైవరు పెద్దగా నవ్వాడు. మేస్త్రమ్మ అవతల బల్ల దగ్గర తన పనిలో తను ఉంది, తలెత్తి చూడను కూడా లేదు. చూడక్కర్లేదన్నట్టు ఉంది. పిల్ల దారం ముక్కలన్నీ ఏరి పారేసి, పట్టీని చదునుగా పరిచి, మొదటి రంధ్రం నుంచి మళ్ళీ కుట్టుకుంటూ వచ్చింది.

తండ్రి మొహంలోకి చూడాలని ఆమెకి అనిపించింది. చూడలేదు. కుట్టు పూర్తయి, కాలు తొడిగించుకుని, డ్రైవరు రెండు కడ్డీల మధ్య అటూ ఇటూ నడిచేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. అప్పుడు పెద్దాయన బెంచీ మీద కూర్చుని చెయ్యి చాపాడు.

"ఆ ఫారం ఇయ్యి."

ఆమె ఇచ్చింది. గుండె మీంచి బరువు దిగినట్టయింది. అది ఎంతోసేపు నిలవలేదు. తండ్రి ఆ అచ్చు వాక్యాన్ని ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒక తిన్నని గీతతో కొట్టేశాడు. దాని కింద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: 'పనిని స్వయంగా చూశాను. ఈ తేదీకి సరిగ్గా ఉంది. టర్ము పూర్తయ్యాక మళ్ళీ చూడాలి.' తేదీ వేసి సంతకం పెట్టాడు.

"నాన్నా!"

"ఏం?"

"ఫారంలో కొట్టివేతలు ఉంటే తీసుకుంటారా?"

"తీసుకుంటారో లేదో వాళ్ళిష్టం. మేము ఎంత బాగా మడత పెట్టిన దానికైనా గడువు ఉండేది, అమ్మాయ్. ఎవరూ వాడకపోయినా సరే, గడువు తీరితే సీలు తెంపి మొత్తం విప్పి మళ్ళీ పెట్టేవాళ్ళం. నాలుగేళ్ళకి చాలే సంతకం ఈ భూమ్మీద ఎక్కడా లేదు. ఇంకో ఫారం తెచ్చినా ఇదే రాస్తాను."

ఇంట్లో ఇంకో ఫారం ఉంది కూడా. ఆమె దాని జోలికి పోలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, సంఘం వాళ్ళ నియమాల కాగితం తీసి, ఇంతకు ముందు చదివిందే అయినా మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. తమ స్టాపు వచ్చేసరికి కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. మొహం తేటగా ఉంది.

"ఏమైంది?" అన్నాడు తండ్రి.

"ఏం కాలేదు. రేపు నువ్వూ రావాలి. ఆ నీలం చొక్కా వేసుకో, ఇస్త్రీ చేసింది."

"నా చొక్కాల్లో ఇస్త్రీ చెయ్యనిదేది?"

*

శుక్రవారం ముగ్గురూ సంఘం ఆఫీసుకి వెళ్ళారు. ముందు రోజు ఎవరు వచ్చి చూశారో బస్సులో విన్న పిల్ల, తాత వైపు గిర్రున తిరిగింది. "దొంగచాటుగా చూస్తారా ఎవరైనా!" అంది. "చెప్పి వస్తే నువ్వు మెలిక విప్పేదానివే, అదీ నాకు తెలుసు. చెప్పకుండా వస్తే విప్పుతావా అని చూడాలి," అన్నాడు తాత. పిల్ల మొహం తిప్పుకుంది. తిప్పుకున్న మొహం కిటికీ అద్దంలో నవ్వుతూ కనిపించింది తల్లికి.

గుమాస్తా చక్కటి మనిషి. కాగితాలు ఒక్కొక్కటే చూసి టిక్కు పెట్టుకుంటూ వచ్చి, ఆఖరి పేజీ దగ్గర ఆగిపోయింది.

"అయ్యో, ఇదేంటమ్మా? ఇక్కడ కొట్టేశారే."

"ఆయనే కొట్టేశారండీ. కింద ఆయన మాటల్లోనే రాశారు."

"అలా కుదరదమ్మా. హామీ వాక్యం మార్చితే ఫారం చెల్లదు. ఇదిగో, ఇంకోటి ఇస్తాను. గబగబా నింపేయండి. తాతగారూ, మీరు ఇక్కడ మామూలుగా సంతకం పెట్టెయ్యండి, అంతే."

"పెట్టనమ్మా," అన్నాడు పెద్దాయన ప్రశాంతంగా.

గుమాస్తా గోడ గడియారం వైపు చూసింది. పిల్ల కూడా చూసింది. మధ్యాహ్నానికి ఎంతో టైము లేదు. తల్లి ఒక్కతే చూడలేదు. బ్యాగులోంచి నియమాల కాగితం తీసి కౌంటరు మీద పరిచింది.

"మీరు చెప్పింది నిజమేనండీ. మీ చేతుల్లో లేదని కూడా తెలుసు. ఇక్కడ ఒక్క పేరా చూడండి. సహాయం ఒకేసారి మంజూరు కాదు, ప్రతి టర్ముకీ మార్కులు చూసి, మళ్ళీ పరిశీలించి ఇస్తారు అని ఉంది. అవునా?"

"అవును."

"అంటే సంఘం కూడా ఒక్క టర్ముకి మించి మాటివ్వడం లేదు. మా నాన్న కూడా ఒక్క టర్ముకే ఇస్తున్నారు. మీ పద్ధతీ ఆయన పద్ధతీ ఒకటే. తేడా అల్లా ఆ అచ్చు వాక్యం దగ్గరే."

గుమాస్తా పేరా చదివింది. పెన్ను చెవి వెనక పెట్టుకుంది. "మీరు ముందే ఫోన్ చేసి ఉంటే..." అని ఆగి, నవ్వేసింది. "మీరు చేశారు కూడా కదూ. ఉండండి, కార్యదర్శిగారిని పిలుస్తాను."

కార్యదర్శి ఆర్మీ నర్సుగా చేసి వచ్చిన పొడుగాటి మనిషి, తల నెరిసిపోయింది. నిలబడే అంతా చదివింది. పెద్దాయన రాసిన మూడు ముక్కలూ చదవడానికి మాత్రం ఎక్కువ సేపు తీసుకుంది.

"మీరేం చేసేవారు సర్వీసులో?"

"పారాచ్యూట్లు మడత పెట్టేవాణ్ణి మేడమ్."

"ఓహో." ఆవిడ ఆ కొట్టేసిన గీత మీద వేలు పెట్టింది. "ఈ వాక్యం ఎందుకు ఉందో తెలుసా? ప్రతి ఏడాదీ కొంతమంది డబ్బు తీసుకుని మధ్యలో మానేస్తారు. ఇంట్లో ఒక పెద్ద తలకాయ జవాబుదారీగా ఉంటే ఆ పిల్లకి కాస్త భయం ఉంటుందని. మీరది కొట్టేస్తే మాకు మిగిలేదేంటి?"

"నేను మిగులుతాను మేడమ్."

"ఎన్నాళ్ళు? ఒక టర్మా?"

"ప్రతి టర్మూ వచ్చి పెడతాను. చూసి పెడతాను. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని."

"లేదని రాస్తే ఆ రోజే సహాయం ఆగిపోతుంది. మీ సొంత మనవరాలికి. రాస్తారా?"

తల్లి చేతులు బ్యాగు పట్టీని గట్టిగా పట్టుకున్నాయి. ఇంతసేపూ తను వేసుకొచ్చిన లెక్కలో ఈ ప్రశ్న లేదు.

"రాస్తాను," అన్నాడు పెద్దాయన.

"ఒక్క నిమిషం," అంది పిల్ల.

అందరూ అటు తిరిగారు.

"నన్ను ఎవరూ ఏమీ అడగరేంటి? ఆయన చూస్తారు, మీరు చూస్తారు, మా అమ్మ పేరాలు చూపిస్తుంది. చదివేది నేను కదా?"

"సరే, చెప్పు," అంది కార్యదర్శి. "కిందటి కోర్సు ఎందుకు మానేశావు?"

ఇంట్లో ఈ ప్రశ్న ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.

"అది నాకు నచ్చలేదని నాకు మొదటి నెలలోనే తెలుసు. చెప్పే ధైర్యం లేక టర్మంతా ఈడ్చాను. మా నాన్న డబ్బు పోయింది. ఇది నచ్చిందని కూడా తెలుసు. ఏడాదిగా జీతం లేకుండా చేస్తున్నాను. అయినా నాలుగేళ్ళకి ఇప్పుడే మాటిమ్మంటే నేను కూడా ఇవ్వను మేడమ్. టర్ముకి అయితే ఇస్తాను. తాతయ్య కింద నేను కూడా సంతకం పెడతాను. ఆయన 'లేదు' అని రాస్తే నేను గొడవ చెయ్యను."

కార్యదర్శి తల్లి వైపు చూసింది. "మీ ఇంట్లో అందరూ ఇంతేనా?"

"మా ఆయన కాస్త మెత్తనండీ," అంది తల్లి.

కార్యదర్శి పెన్ను తీసింది. కొట్టేసిన గీత పక్కన తన పొట్టి సంతకం పెట్టింది. 'ప్రతి టర్ము సైనికుడు స్వయంగా హాజరై ధ్రువీకరించే షరతుపై' అని రాసి, ఫారాన్ని పిల్ల వైపు తిప్పింది. పిల్ల తాత పేరు కింద తన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, నెమ్మదిగా రాసింది. గుమాస్తా ముద్ర వేసింది. ముద్ర సరిగ్గా పడలేదేమోనని తల్లి కాస్త ముందుకి వంగి చూసుకుంది. బాగానే పడింది.

"ఈ మంజూరు కాగితం కాలేజీలో చూపిస్తే చాలు," అంది గుమాస్తా. "డబ్బు నేరుగా వాళ్ళకే వెళ్తుంది."

మెట్లు దిగుతుంటే పిల్ల తాత పక్కకి చేరింది.

"తాతయ్యా, నిజంగానే 'లేదు' అని రాస్తావా?"

"రాస్తాను."

"ఏడ్చినా?"

"ఏడిస్తే చేతిరుమాలు ఇస్తాను. సంతకం ఇవ్వను."

"హాస్టల్లోకి మగవాళ్ళని రానివ్వరు, తెలుసా?"

"గేటు దగ్గర నిలబడతాను. నాకు నిలబడటం అలవాటే."

పిల్ల పకపకా నవ్వింది. దాన్ని ఇన్నాళ్ళూ అందరూ బుజ్జగించారు, దాని ముందు మాటలు మింగారు, ముద్దుపేరు పిలవడం కూడా మానేశారు. ఇప్పుడు తాత మొహం మీదే 'కాదంటాను' అంటుంటే అది ఎవరో బహుమతి ఇచ్చినట్టు వింటోంది. తల్లికి అది కొంచెం వింతగానూ, కొంచెం సిగ్గుగానూ అనిపించింది. ఇంటికి వెళ్ళాక దీని గురించి ఆలోచించాలనుకుంది.

"నడవండి, నడవండి," అంది ఇద్దర్నీ. "కాలేజీ ఆఫీసు నాలుగింటికి మూసేస్తారు. ముచ్చట్లు బస్సులో చెప్పుకోవచ్చు."

మంజూరు కాగితం పిల్ల చేతిలో ఉంది. తల్లి దాన్ని తన బ్యాగులో పెట్టుకుందామని చెయ్యి చాపబోయి, ఆగి, బస్సు నంబరు చూడటానికి రోడ్డు వైపు తిరిగింది.